రంగు ఎక్కడికి పోవును?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తలిదండ్రుల సభలో ఒక విశ్రాంత రసాయనశాస్త్రోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని మన సంఘమువారు నన్ను కోరినప్పుడు, “ఏ విషయమును గూర్చి?” అని అడిగితిని. “మీకు తోచిన విషయము” అనిరి. ముప్పది సంవత్సరములు రసాయనశాస్త్రము బోధించినవాడను. పద్యము రాగయుక్తముగా చదువ నేర్వను, చరిత్ర చెప్పజాలను. అందుచేత నాకు తెలిసినదియు, మీ యింటిలో వారమున కొకసారియైన జరుగునదియు నగు విషయమునే మీ ముందుంచదలచితిని. అది తెల్లబట్టకు చలువచేయుట. దీనిని పిల్లల సభలో గాక పెద్దల సభలో ఏల చెప్పుచున్నానో కడపట మనవి చేయుదును.

ఈ విషయమును నాకు ఇచ్చినది మా మనుమరాలు. అది నాలుగవ తరగతి చదువుచున్నది. ఒకనాడు దాని తెల్లని బడిచొక్కాపై టీ ఒలికినది. మా కోడలు అర బకెట్టు నీటిలో అంగడిలో దొరకు చలువమందును మూతెడు పోసి, చొక్కాను అందులో నానవేసినది. పిల్ల ఆ ప్రక్కనే గొంతుకూర్చుండి చూచుచున్నది. పది నిమిషములలో మరక పలుచబడినది. మరికొంత సేపటికి కనబడకుండ పోయినది. అప్పుడు పిల్ల నా యొద్దకు పరుగెత్తి వచ్చి, “తాతా! మట్టి మరక ఉతికితే నీళ్ళు మట్టిగా అవుతాయి. ఈ నీళ్ళు తేటగానే ఉండాయి. మరి టీ రంగు యాడికి పోయె?” అని అడిగినది.

తరగతిలో నల్లబల్లపై ‘విరంజనము అనగా ఆక్సీకరణము’ అని వ్రాసి ముగించుట సులభము. నాలుగవ తరగతి పిల్లకు అర్థమగునట్లు చెప్పుట సులభము కాదు. దానికి జవాబు చెప్పుటకు నాకు రెండు దినములు పట్టినది. ఆ జవాబునే మీకును చెప్పెదను.

పిల్ల గమనించినది సత్యము. ఉతుకుట వేరు, చలువచేయుట వేరు. ఉతికినప్పుడు సబ్బు మురికిని నూలునుండి విడదీసి నీటిలోనికి చేర్చును. మురికి నశింపదు, చోటు మారును. కనుకనే నీరు నల్లబడును. చలువమందు చేయు పని అది కాదు. అది రంగును ఉన్నచోటనే మార్చివేయును. మన భాషలో ఈ రెండు పనులకును వేరువేరు మాటలు పూర్వమునుండియు కలవు. మగ్గమునుండి దిగిన పసుపుఛాయ గల బట్టను ‘కోరా’ అందుము. దానిని తెల్లగా చేసిన పిదప ‘చలువ బట్ట’ అందుము. శాస్త్రగ్రంథములు దీనికే విరంజనమని పేరు పెట్టినవి. రంజనము అనగా రంగు వేయుట. విరంజనము అనగా ఆ రంగును తొలగించుట.

తొలగించుట యన్నంత మాత్రమున రంగును ఊడబెరికి ఎక్కడనో పారవేయుట యని తలపరాదు. దీనిని గ్రహించుటకు ముందు రంగనగా నేమో తెలియవలెను.

సూర్యుని తెల్లని వెలుగులో అన్ని రంగులును కలసియున్నవి. ఒక వస్తువు ఆ వెలుగులో కొంత భాగమును మ్రింగి తక్కినదానిని వెనుకకు పంపును. వెనుకకు వచ్చినదే మన కంటికి రంగుగా తోచును. పసుపుకొమ్ములోని రంగుపదార్థము ఊదా, నీలి వెలుగులను మ్రింగును. అందుచేత అది పచ్చగా కనబడును. తెల్లని నూలు దేనిని మ్రింగదు. వచ్చిన వెలుగునంతయు తిరిగి పంపును.

పదార్థము వెలుగును ఏల మ్రింగును? దాని అణువుల కట్టడిలో అందులకు కారణము కలదు. పసుపులోని కర్క్యుమిన్ అణువును చూచితిమేని, రెండు చివరల రెండు వలయములు, వాని నడుమ ఏడు కర్బన పరమాణువుల గొలుసు ఉండును. ఈ కట్టడిలో ఏకబంధము, ద్విబంధము ఒకదాని వెనుక నొకటిగా వచ్చుచుండును. ఇట్టి వరుస ఉన్నచోట ఎలక్ట్రానులు ఒక్క పరమాణువునకే అంటిపెట్టుకొనక వరుస పొడవున పరచుకొనియుండును. కంటికి కనబడు వెలుగును మ్రింగగల శక్తి ఆ వరుసకు కలుగును. జర్మనీ దేశపు రసాయనవేత్త ఆటో విట్ 1876లో అణువులోని ఇట్టి భాగమునకు క్రోమోఫోర్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆ మాటకు రంగును మోయునది యని అర్థము.

మా మనుమరాలికి ఈ మాటలు చెప్పలేదు. మన పాఠశాలలో సంగీతపు తరగతి జరుగు గదికి దానిని తీసికొనిపోయి వీణను చూపితిని. తీగను విడిచి మీటిన మంద్రస్వరము పలుకును. మెట్టుపై వ్రేలు నొక్కి తీగ పొడవును తగ్గించిన కొలదియు స్వరము పైపైకి పోవును. తీగ ఇంకను ఇంకను పొట్టిదైన, ఆ స్వరము మనుష్యుని చెవి కందని యెత్తునకు పోవును. అణువులోని వరుసయు ఇట్టిదే. ఎర్రముల్లంగి యని మనము పిలుచు క్యారెట్టులోని బీటా కెరోటిన్ అణువులో ఇట్టి ద్విబంధములు 11 ఉన్నవి. అది నీలివెలుగును మ్రింగి నారింజరంగుతో కనబడును. ఆ వరుస నడుమ తెగిన, మిగిలిన పొట్టి తునుకలు కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను మాత్రమే మ్రింగగలవు. అప్పుడు మన కంటికి అవి రంగు లేనివిగా తోచును.

చలువమందు చేయు పని ఇదియే. అది తీగను తెంచును. రంగు ఎక్కడికిని పోలేదు. రంగును పలికించుచున్న తీగ తెగినది. తెగిన తునుకలలో కొన్ని నీటిలో కలసి పోవును, కొన్ని నూలును పట్టుకొని యుండవచ్చును. కాని వానికి రంగు లేదు. బకెట్టులోని నీరు తేటగా నుండుటకు కారణమిదే.

రంగు మారినంతనే అది విరంజనమనుకొనరాదు. పసుపు మరకపై సబ్బు రుద్దిన ఎర్రబడును. నీటితో బాగుగా జాడించిన మరల పసుపగును. పసుపులో సున్నము కలిపి పారాణి చేయుటయు నిట్టిదే. అచ్చట తీగ తెగలేదు. క్షారము తగిలి శ్రుతి మారినది, అంతే. అదే పసుపు మరకను రెండు మూడు దినములు ఎండలో ఆరవేసినచో వెలిసిపోవును, మరల రాదు. అది విరంజనము. ఎండలోని కిరణములును, గాలిలోని ఆక్సిజనును కలసి తీగను తెంచినవి.

లోకమున మొట్టమొదటి చలువమందు ఈ యెండయే. మన రజకులు బట్టలను చౌటిమట్టి నీటిలో నానవేసి, ఉబ్బలో ఉడికించి, బండపై ఉతికి, ఏటి ఇసుకతిన్నెలపై పరచి ఆరవేయుచుండిరి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను పేడనీటిలో నానవేసి, తడిపి తడిపి ఎండలో ఆరవేసి తెలుపు చేయుదురు. గోదావరి మండలమున నరసాపురము చెంత మాధవాయపాలెమను గ్రామము కలదు. అచ్చట ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారికి వర్తకశాల యుండెడిది. అచ్చటి నుండి ఎగుమతియైన నూలుబట్టకు ‘మదపోలం’ అను పేరు వచ్చి, ఇంగ్లీషు నిఘంటువులలో నేటికిని నిలిచియున్నది. మన నేతగాండ్రకును, చలువచేయువారికిని దక్కిన గౌరవముగా దానిని నేను తలచెదను.

ఐరోపాలోను పూర్వము ఇదే పద్ధతి. బట్టను బూడిదనీటిలో ఉడికించి, పచ్చికబయళ్ళపై నెలల తరబడి పరచి, పులిసిన మజ్జిగలో నానవేసి తెలుపు చేయుచుండిరి. 1756లో స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ హోం మజ్జిగకు మారుగా మిక్కిలి పలుచని గంధకికామ్లమును వాడవచ్చునని చూపెను. 1774లో స్వీడనువాడైన షీలే క్లోరిను వాయువును కనుగొని, అది పూవుల రంగును, ఆకుల రంగును పోగొట్టుచున్నదని గమనించెను. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలె దానితో బట్టలకు చలువచేయవచ్చునని చూపెను. కాని క్లోరిను వాయువుతో పనిచేయుట పనివారి ఊపిరితిత్తులకు ప్రమాదము. 1799లో గ్లాస్గో నగరపు చార్లెస్ టెన్నెంట్ క్లోరినును తడిసున్నముచేత పీల్పించి పొడిగా చేయు పద్ధతికి హక్కుపత్రమును పొందెను. బ్లీచింగు పౌడరు అని మనము నిత్యము చెప్పునది ఇదియే. నెలలు పట్టు పని కొన్ని దినములకు తగ్గినది. పచ్చికబయళ్ళు మరల పైరునకు వచ్చినవి.

ఇక ఈ మందులు తీగను ఎట్లు తెంచునో సంగ్రహముగా చెప్పెదను. దారులు రెండు.

మొదటిది ఆక్సీకరణము. బ్లీచింగు పౌడరును, సీసాలలో దొరకు ద్రవమును నీటిలో కలిపినప్పుడు హైపోక్లోరైటు ఏర్పడును. దానిలో కొంత హైపోక్లోరసామ్లముగా మారును. ఇది ఇతర పదార్థములనుండి ఎలక్ట్రానులను లాగుకొను స్వభావము గలది. ద్విబంధములయందు ఎలక్ట్రానులు సమృద్ధిగా నుండును గనుక అది ముందుగా వానిపైననే పడును. ఈ పనికి నీరు కావలెను. నేను తరగతిలో చూపుచుండిన పరీక్ష యొకటి కలదు. ఎండిన క్లోరిను వాయువులో పొడి రంగుగుడ్డను ఉంచిన దాని రంగు పోదు. అదే గుడ్డను తడిపి యుంచిన క్షణములో తెల్లబడును. నీటితో కలసినప్పుడే క్లోరినునకు ఆ శక్తి వచ్చుచున్నదని దీనివలన తెలియును. హైడ్రోజను పెరాక్సైడును ఈ త్రోవనే నడచును. ఫ్రాన్సులో తెనార్ దీనిని 1818లో కనుగొనెను. పని ముగిసిన పిదప ఇది నీరుగను, ఆక్సిజనుగను విడిపోవును. నేడు పెద్ద మిల్లులలో నూలుబట్టకు విశేషముగా వాడుచున్నది దీనినే.

రెండవది క్షయకరణము. ఇచ్చట మందు ఎలక్ట్రానులను లాగుకొనదు, తానే ఇచ్చును. ద్విబంధము ఏకబంధమగును, వరుస అచ్చట తెగును. నీలిమందు అద్దువారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. నీలి నీటిలో కరగదు. నీలిబానలో దానిని పులియబెట్టియో, హైడ్రోసు వేసియో క్షయకరణము చేసిన, అది నీలిరంగును విడిచి పసుపుపచ్చని ద్రవమగును. అందులో ముంచి తీసిన నూలు మొదట పచ్చగా నుండి, గాలి తగిలిన కొలదియు చూచుచుండగనే నీలమగును. గాలిలోని ఆక్సిజను ఆ ద్విబంధమును మరల కట్టినది. కావున ఈ దారిన పోయిన రంగు ఒక్కొక్కప్పుడు తిరిగి వచ్చుటయు కలదు. ఆక్సీకరణముచేత తెగిన తీగ సామాన్యముగా మరల అతుకుకొనదు.

గృహిణులకు పనికివచ్చు మాట యొకటి ఇచ్చట చెప్పవలెను. బెల్లము వండుచోట్ల కొందరు రంగు తేలుటకై ఇదే హైడ్రోసును పాకములో వేయుదురు. బెల్లము బంగారువలె మెరయును. కొంతకాలము నిలువయున్న మరల నల్లబడుటయు కలదు. అందులో మిగులు గంధకపు ద్రవ్యములు ఉబ్బసము గలవారిలో కొందరికి పడవు. ఆహార ప్రమాణములు వానికి హద్దు విధించుటకు కారణమదే. మెరయు బెల్లమునకంటె గోధుమరంగు బెల్లమును కొనుట మంచిది. తెలుపును చూచి శుద్ధియని భ్రమపడుట మనకు ఒక అలవాటైనది.

ఇంకొక భ్రమను గూర్చియు చెప్పెదను. తెల్లబట్టకు నీలము పెట్టుట విరంజనము కాదు. పాతబడిన నూలు పసుపుఛాయకు తిరుగును. దానిపై కొంచెము నీలిఛాయ పడిన కంటికి తెలుపుగా తోచును. నేటి సబ్బుపొడులలో ప్రకాశకములను ద్రవ్యములు కలిపియుందురు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను మ్రింగి నీలివెలుగుగా వెడలగ్రక్కును. బట్ట ‘తెలుపుకంటె తెలుపు’ అగుటలోని రహస్య మింతే. పసుపు పోలేదు, మరుగుపడినది.

తలిదండ్రులారా! ఇంతవరకు చెప్పినది ఎట్లు జరుగునన్నది. ఇక అసలు చెప్పవలసిన మాటకు వచ్చుచున్నాను. చలువమందుకు రంగు ఏదో, బట్ట ఏదో తెలియదు. అది మరకను వెదకికొని పోవు భృత్యుడు కాదు. ఎలక్ట్రానులు దొరకిన చోటనెల్ల పడును. రంగు అణువులు సులభముగా లొంగును గనుక ముందు వానిని తెంచును. అవి ముగిసిన పిమ్మట నూలుపైబడును. ఎచ్చట ఆగవలెనో దానికి తెలియదు, ఆపవలసినది మనము.

నూలు అనగా సెల్యులోజు. అదియు పొడుగైన గొలుసే. మందు ఎక్కువైనను, ఎక్కువసేపు ఉంచినను ఆ గొలుసు తెగును. బట్ట అప్పటికి తెల్లగానే యుండును. నాలుగవ ఉతుకులో మోచేతి యొద్ద చినుగును. “చాకలి చింపినాడు” అని మనము నిందింతుము. పట్టును, ఉన్నియు మాంసకృత్తులు. క్లోరిను మందు తగిలిన పచ్చబడి, బలము చెడి, తుదకు కరగిపోవును. పట్టుచీరపై ఒక చుక్కయైనను పడనీయరాదు. పెరాక్సైడు పట్టునకు కొంత మృదువైనది. కాని ఇనుప తుప్పు గాని, రాగి రజను గాని అంటియున్నచోట అదియు వేగముగా విడిపోయి బట్టకు బెజ్జము చేయును. కనుకనే మిల్లులవారు దానిని అదుపులో నుంచుటకు సోడియం సిలికేటును కలుపుదురు. వారికి తెలిసిన మితము మన యింటి బకెట్టుకును కావలెను.

బట్టకు చెప్పినది నదికిని చెల్లును. మనము ఈ కొంగునాట తరతరములుగా నున్నవారము. మన కుటుంబములలో అనేకమునకు నూలుతోను, మగ్గముతోను, తిరుప్పూరు బనియను పనితోను సంబంధము కలదు. నొయ్యల్ నది కోయంబత్తూరు, తిరుప్పూరులమీదుగా ప్రవహించి కావేరిలో కలియును. దాని తీరమున చలువ, అద్దకపు కర్మాగారములు వందలకొలది వెలసినవి. అద్దకపు ఉప్పును, చలువ ద్రవ్యముల లవణములును, రంగునీరును సంవత్సరముల తరబడి నదిలో కలిసినవి. పొలముల కొరకు కట్టిన ఒరత్తుపాళయం జలాశయము మురుగునీటి గుంటయైనది. దిగువ రైతుల బావులు ఉప్పునీటి బావులైనవి. రైతులు న్యాయస్థానమునకు పోయిరి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు నిబంధనలను నెరవేర్చని అద్దకపు, చలువ కర్మాగారములను మూసివేయుమని ఉత్తరువు చేసెను. ఊరిలో పని నిలిచినది. కూలిలేక వచ్చినదారిన పోయిన కుటుంబములను మీలో చూచినవారు కలరు. ఆ పిదప మురుగునీటిని బయటికి విడువక శుద్ధిచేసి మరల వాడు ఏర్పాట్లు చేసికొనిన కర్మాగారములు తిరిగి తెరువబడినవి.

నేను ఎవరిని నిందించుటకు ఈ మాట చెప్పలేదు. ఆ పని మన వారికి అన్నము పెట్టినది. ఆ రైతులలోను మన వారు కలరు. బకెట్టులో తేటగా కనబడిన నీటిలో ఏమియు లేదని మా మనుమరాలు అనుకొనినది. మనమందరమును ఆ విధముగనే అనుకొంటిమి. రంగు లేని నీరు శుద్ధమైన నీరు కాదు.

ఇక దీనిని పెద్దల సభలో ఏల చెప్పుచున్నానో చెప్పుటకు సమయము వచ్చినది.

కొన్నేండ్ల క్రిందట, సంక్రాంతి పండుగకు ముందు, నా భార్య స్నానాల గదిని కడుగుచుండెను. నేలపై బ్లీచింగు పౌడరు చల్లి రుద్దినది. ఒక మూల తుప్పుమరక పోలేదు. మరుగుదొడ్డికై కొనియుంచిన ఆసిడ్ సీసా ప్రక్కన నుండెను. రెండును శుభ్రముచేయు వస్తువులే గదా, రెండును కలసిన ఇంకను బాగుగా పోవునని ఆమె దానిని ఆ పొడిమీద పోసినది. చిన్న గది, ఒక్క గవాక్షము. నేను వాకిట వార్తాపత్రిక చదువుకొనుచుంటిని. దగ్గు వినబడినది. నేను పోవునప్పటికి ఆమె గోడ పట్టుకొని, కండ్ల నీరు కారుచు, ఊపిరి అందక నిలువబడి యుండెను. ఆ వాసన నాకు తెలిసినదే. ముప్పది సంవత్సరములు ప్రయోగశాలలో నేను ఎరిగిన వాసన. అది క్లోరిను.

హైపోక్లోరైటుకు ఆమ్లము తగిలిన క్లోరిను వాయువు వెలువడును. ఇది పదవ తరగతి పాఠము. గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది గనుక నేల ననుసరించి ప్రాకును. కావున చిన్నపిల్లలకు ముందు తగులును. తడిగల చోట పనిచేయు వాయువని చెప్పితిని గదా. కన్ను, గొంతు, ఊపిరితిత్తి అన్నియు తడిగలవే. రంగుగుడ్డను తెల్లబరచిన చర్యయే అచ్చట జరుగును. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని ఈప్రు యొద్ద జర్మను సేనలు యుద్ధములో విడిచిన విషవాయువు ఇదియే. అట్టి వాయువును మనము తెలియక, పండుగ శుభ్రమునకని, తలుపులు మూసిన గదిలో తయారుచేసికొనుచున్నాము.

ఆమెను వైద్యశాలకు తీసికొనిపోతిమి. రెండు దినములు అచ్చట నుండి బ్రదికి బయటపడినది. దగ్గు కొన్ని నెలలు విడువలేదు. ఇంటికి వచ్చిన నాటి రాత్రి ఆమె నన్ను ఒక్క మాట అడిగినది. “ఊరి పిల్లలకంతా ముప్పై ఏండ్లు చెప్పితిరి కదా. నాకు ఒక్క మాట చెప్పకూడదా?” అని. మా మనుమరాలి ప్రశ్నకు రెండు దినములలో జవాబు వెదకితిని. ఈ ప్రశ్నకు నేటికిని నా యొద్ద జవాబు లేదు.

సీసాపై హెచ్చరిక లేకపోలేదు. అది ఇంగ్లీషులో, చీమతలలంతటి అక్షరములతో నుండెను. నా భార్య తెలుగు చదువును, తమిళము చదువును, ఇంగ్లీషు చదువదు. మన యిండ్లలో ఆమెవంటివారే యెక్కువ. శాస్త్రమంతయు బడిలో ఒక భాషలో నుండి, వంటయింటిలో మరొక భాష యుండిన, ఆ రెంటి నడుమ ఇట్టి ప్రమాదములు కాచుకొని యుండును. మన పిల్లలు బడిలో నేర్చినదానిని ఇంటికి వచ్చి తల్లికి, అవ్వకు, ఇంటిపని చేయు ఆమెకు తెలుగులో చెప్పగలిగినప్పుడే ఆ చదువు మన యింటికి చేరినట్లు.

కావున ఈ కొద్ది మాటలను ఇంటికి తీసికొనిపొండు.

మొదటిది. చలువమందుతో నీటిని తప్ప మరి దేనిని కలుపరాదు. ఆసిడ్ గాని, నిమ్మరసము గాని, వినిగరు గాని, మరియొక శుభ్రముచేయు ద్రవము గాని వలదు. అమ్మోనియా గల ద్రవములతో కలసిన వేరొక విషవాయువు పుట్టును. మూత్రము నిలిచిన మరుగుదొడ్డిని ముందు నీటితో కడిగిన పిమ్మటనే దీనిని వాడవలెను. ఒకటి వాడిన పిదప నీరు ధారాళముగా పోసి కడుగక రెండవదానిని తాకరాదు.

రెండవది. తలుపులు, కిటికీలు తెరచి పనిచేయవలెను. చల్లని నీరు వాడవలెను. సీసా ద్రవములో సామాన్యముగా 4 మొదలు 6 శాతము వరకు హైపోక్లోరైటు ఉండును. దానిని నేరుగా బట్టపై పోయరాదు, సీసాపై చెప్పిన కొలతకు నీటిలో కలిపి వాడవలెను. మరక పోయినంతనే బట్టను తీసి రెండు మూడు నీళ్ళలో జాడింపవలెను. పట్టును, ఉన్నిని, రంగుబట్టలను దూరముగా నుంచవలెను.

మూడవది. చలువమందును త్రాగునీటి సీసాలోను, పానీయముల సీసాలోను పోసి ఉంచరాదు. బ్లీచింగు పౌడరును చెమ్మ తగులని మూతగల డబ్బాలో, కిరసనాయిలుకును, నూనెలకును, ఆసిడుకును దూరముగా, పిల్లల చేతి కందనిచోట నుంచవలెను.

నాల్గవది. ఘాటైన వాసన వచ్చి దగ్గు పుట్టిన, అచ్చటనే నిలిచి కడిగివేయ యత్నింపరాదు. ఉన్నది ఉన్నట్లు విడిచి వెలుపలి గాలికి రావలెను. ఊపిరి కష్టముగా నున్న వైద్యునియొద్దకు పోవలెను. తొలుత తగ్గినట్లు తోచి కొన్ని గంటలకు హెచ్చుటయు కలదు. కంటిలో పడిన పదునైదు, ఇరువది నిమిషములు ధారగా నీటితో కడిగి వైద్యునికి చూపవలెను. పిల్ల మ్రింగిన వాంతి చేయింపరాదు. సీసాను చేతబట్టుకొని వెంటనే వైద్యశాలకు పరుగెత్తవలెను.

ఇంతియే నా మనవి. తెలుపు మంచిదే. పిల్ల శుభ్రమైన చొక్కా తొడుగుకొని బడికి పోవుట ఏ తల్లికి ఆనందము కాదు? కాని ఆ తెలుపు వెనుక ఒక బలమైన శక్తి పనిచేయుచున్నదనియు, దానికి ఆగుట తెలియదనియు మనము గుర్తుంచుకొనవలెను. మీ పిల్లలు “రంగు యాడికి పోయె?” అని అడిగినప్పుడు విసుగుకొనకుడు. జవాబు తెలియకున్న మన ఉపాధ్యాయులను అడుగుడు. వారి కొరకే ఈ బడి యున్నది. తెలిసియున్న, ఆ రాత్రియే, భోజనమునకు కూర్చున్నప్పుడే, ఇంటిలో అందరికిని వినబడునట్లు చెప్పుడు. నేను చెప్పక ఆలస్యము చేసితిని. మీరు చేయకుడు.